ఏడో గుంట దాటాక

జక్కయ్య ఒకచోట కుదురుగా కూర్చున్నాడని ఎవరైనా చెబితే గద్దలకొండ క్వార్టర్సులో ఒక్కరూ నమ్మేవారు కాదు. అన్నం తింటూ రెండుసార్లు లేచి వీధిలోకి తొంగిచూసే మనిషి అతను. ఆదివారం గుళ్ళో పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకోగానే వెనక తలుపు దగ్గరికి జరిగేవాడు. ముగింపు ప్రార్థన వేళకి బయట సైకిళ్ళ దగ్గర తేలి, ఎవరి చక్రంలో గాలి తగ్గిందో నొక్కి చూస్తూ ఉండేవాడు. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాడు. "మా అత్త ఈయన్ని కనేటప్పుడు తొందరపడి, కుదురు పెట్టడం మర్చిపోయింది" అని భార్య హన్నా విసుక్కుంటూనే నవ్వేది.

ఒక్క డంపరు స్టీరింగు ముందు మాత్రం ఇదంతా అబద్ధం. సిమెంటు ఫ్యాక్టరీ క్వారీలోంచి రాయి నింపుకుని కొండ దిగేటప్పుడు జక్కయ్య వేరే మనిషి. రెండో గేరులో, దవడ బిగించి, చూపు రోడ్డు మీది నుంచి తిప్పకుండా చీమలా దిగేవాడు. కింద లోడు దించి ఖాళీ బండి వెనక్కి తిప్పాడా, ఇక పట్టపగ్గాలుండేవి కావు. ఆ ఖాళీ డంపరు ఎగురుకుంటూ కొండెక్కుతుంటే గేటు దగ్గర కాపలావాళ్ళు ముందే పక్కకు తప్పుకునేవారు.

ఇలాంటివాడు గోల్ఫు ఆడటమేమిటని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. బెజవాడకు కృష్ణ అవతలి ఒడ్డున ఆ ఫ్యాక్టరీ పెట్టిన కొత్తల్లో తెల్లదొర ఒకడు పొద్దుపోక, గద్దలకొండ వాలు మీద తొమ్మిది గుంటల మైదానం వేయించాడు. మైదానమని పేరే గాని అంతా రాళ్ళూ, తుమ్మపొదలూ, ఎగుడుదిగుళ్ళూను. దొర వెళ్ళిపోయాడు. తరవాత వచ్చిన ఆఫీసర్లకు పేకాట నచ్చింది. అలా ఆ కొండా, ఆ కర్రలూ, రేకుల షెడ్డూ వర్కర్లకు దక్కాయి.

ఆట చెప్పుకోవడానికి చిన్నదే. బంతిని కర్రతో కొట్టుకుంటూ వెళ్ళి, ఎవరు తక్కువ దెబ్బల్లో గుంటలో వేస్తే ఆ గుంట వాళ్ళది. ఎక్కువ గుంటలు గెలిచినవాళ్ళది పందెం. పచ్చిక పెంచడానికి ఆ కొండ మీద నీళ్ళెక్కడివి? అందుకని గుంట చుట్టూ గుండ్రంగా ఇసుక పరిచి, గాలికి లేవకుండా వాడేసిన ఇంజనాయిలు కలిపి అణగదొక్కేవారు. దాన్ని బ్రౌను అనేవారు. బ్రౌను మీదికి చెప్పులతో ఎక్కడమంటే వంటింట్లోకి చెప్పులతో వెళ్ళినట్టే లెక్క, ఎవరైనా సరే బయట విడవాల్సిందే. బంతిని గుంటలోకి దొర్లించబోయే ముందు ఒక గోనెపట్టాకు తాడు కట్టి, బంతి దగ్గర నుంచి గుంటదాకా లాగి దారి సాపు చేసుకోవాలి. అదీ ఒక్కసారే. లాగాక ఆ దారి మీద ఆకు రాలినా, తొండ పాకినా, ఎవరి కాలు పడినా మళ్ళీ లాగడానికి వీల్లేదు. ఈ కట్టుబాటు దొర పెట్టింది కాదు. వర్కర్లు తమకు తాము పెట్టుకున్నది, అందుకే అంత గట్టిగా ఉండేది.

ఏటా ఫిబ్రవరిలో జోడీల పందెం జరిగేది. జోడీలో ఇద్దరికీ బంతి ఒక్కటే, ఒకరి తరవాత ఒకరు కొట్టాలి, మొదటి దెబ్బ ఒక గుంటకు ఒకరిదైతే తరవాతి గుంటకు రెండోవారిది. గెలిచిన జోడీ పేర్లు షెడ్డులో టేకు పలక మీద తెల్లరంగుతో రాసేవారు. పందెం సమానమైతే కొత్త పేర్లు లేవు, పాత జోడీదే పలక.

జక్కయ్యకు జోడీ బాబ్జాన్. చల్లపల్లి నుంచి వచ్చిన వెల్డరు, జక్కయ్య కంటే బాగా పెద్దవాడు, మహా నిదానస్తుడు. జక్కయ్య చేతికి కర్ర ఇచ్చి పట్టుకోవడం నేర్పింది అతనే. ఈ జోడీ వరసగా మూడేళ్ళు ఆఖరి ఆటదాకా వచ్చింది. మూడేళ్ళూ ఓడింది. మూడుసార్లూ ఏడో గుంట దగ్గరే, మూడుసార్లూ జక్కయ్య చేతిలోనే.

ఏడో గుంట దగ్గర కొండ చీలి ఉంటుంది. ఇవతల అంచున నిలబడి కొట్టాలి, అవతల అంచున బ్రౌను, మధ్యలో ముళ్ళకంపలు నిండిన లోయ. బుద్ధున్నవాళ్ళు కుడివైపు పాత గొర్రెలదొడ్డి దగ్గరికి నిమ్మళంగా కొట్టుకుని, అక్కణ్ణుంచి బ్రౌను మీదికి వేసుకుంటారు. లోయ మీదుగా నేరుగా కొడితే ఒక దెబ్బ మిగులుతుంది. జక్కయ్య ఖర్మ కాలి, పందెం లేని ఒకానొక ఆదివారం అతని బంతి లోయ దాటి పడింది. ఆ ఒక్కసారి దాటడమే అతన్ని పాడు చేసింది. ఆ తరవాత అక్కడ నిలబడితే చాలు, అరికాళ్ళు దురదపెట్టేవి.

డెబ్బై ఆరో సంవత్సరం పందేనికి ముందు బాబ్జాన్ కళ్ళు పాడయ్యాయి. నీటికాసులని బెజవాడ డాక్టరు తేల్చాడు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని అన్నాడు. గొట్టంలోంచి చూసినట్టు ఎదుటిది మాత్రం మసకగా కనపడేది, పక్కలన్నీ చీకటి. కాళ్ళ దగ్గర బంతి కనిపించేది గాని కొట్టాక అదెటు పోయిందో తెలిసేది కాదు. వేసవి రాగానే ఉద్యోగం మానేసి చల్లపల్లిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్నాడు. అంటే అతనికి అదే ఆఖరి పందెం.

అది తెలిసిన రోజు జక్కయ్య షెడ్డులోకి ఒంటరిగా వెళ్ళి పలక ముందు నిలబడ్డాడు. ఎవరెవరి పేర్లో ఉన్నాయి. బంతికీ బత్తాయికీ తేడా తెలియనివాళ్ళవి కూడా ఉన్నాయి. బాబ్జాన్ పేరు లేదు. ఆ పేరు అక్కడ ఎక్కాలి, ఆ మనిషి తన కళ్ళతో తను చదువుకోవాలి. జక్కయ్యకు ఆ సంవత్సరం వేరే కోరిక లేకపోయింది. తన మూలానే ఎక్కలేదన్న సంగతి గొంతులో ముల్లులా ఉండేది.

పందేనికి ముందురోజు సాయంత్రం బాబ్జాన్ అతన్ని ఇంటికి పిలిచి చాప మీద కూర్చోబెట్టాడు. వేరుశనక్కాయలు తొమ్మిది చోట్ల పెట్టి కొండంతా పరిచాడు. జక్కయ్య రెండో గుంటను ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

"తినమాకరా, అది గుంట" అన్నాడు బాబ్జాన్.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు భాయ్, కాలు నిలవట్లేదు."

"నాకు తెల్సు. నీ కాలు సంగతి కూడా లెక్కేసే చెబుతున్నా, విను." బాబ్జాన్ వేలు మొదటి కాయ మీద పెట్టాడు. "ఒకటో గుంట ఎగుడు. నేరుగా కొడితే గట్టుకు తగిలి మళ్ళీ నీ కాళ్ళ దగ్గరికే వస్తది. ఎడమ పక్క బండిబాట మీదికి కొట్టు, అక్కడ నిలుస్తది. రెండోది దిగుడు, నా వంతు. సగం బలం చాలు, మిగతాది కొండే చూసుకుంటది. మూడోది పక్కవాలు. గుంట వైపు చూడమాక, కరెంటు స్తంభాన్ని చూసి కొట్టు. నాలుగోది రాళ్ళు. నా కళ్ళకి అది పోయినట్టే, పోనీ."

"అయిదు?"

"అయిదో గుంట పొడుగు. అక్కడ నిన్ను ఆపను. ఎంత బలముంటే అంతా పెట్టి కొట్టు. నీలో ఉన్న హడావుడంతా అక్కడే ఖర్చయిపోవాలి. ఆరోది కొండ నెత్తి మీద, ఏటిగాలి కొడతా ఉంటది. గాలి పడేదాకా ఆగాలి. అక్కడ ఆగడం నేర్చుకుంటే ఏడో దాని దగ్గర ఆగుతావు." ఏడో కాయ మీద అతని వేలు నిలిచిపోయింది. "ఇక్కడ మాత్రం లోడు బండి కొండ దిగుతున్నావనుకో. అంతే."

ఖాసింబీ, బాబ్జాన్ భార్య, టీ తెచ్చి ఇచ్చింది. "తమ్ముడూ, పేరు రాయకపోయినా ఫర్వాలేదు గాని, ఈసారి ఇంటికొచ్చి మూడు రోజులు మాట్లాడకుండా పడుకునేట్టు మాత్రం చెయ్యమాక" అంది. జక్కయ్య టీ గటుక్కున తాగి నాలుక కాల్చుకున్నాడు.

ఎదురు జోడీ కిందటేడు గెలిచినవాళ్ళే. ఒకడు ఇశ్రాయేలు, హన్నాకు తమ్ముడు, ల్యాబులో పనిచేస్తాడు. రెండోవాడు టైమాఫీసు వెంకటకృష్ణారావు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ బతికే మనిషి, మర్యాద తప్పడు, చిన్న పొరపాటు కూడా వదలడు.

మొదటి గుంటకు జక్కయ్య బండిబాట మీదికే కొట్టాడు. బంతి నిలిచింది. రెండో గుంటకు బాబ్జాన్ సగం బలంతో కొట్టి, "ఎటు పోయింది?" అన్నాడు. "కొండే చూసుకుంది భాయ్" అన్నాడు జక్కయ్య. బ్రౌను మీద బాబ్జాన్ కొట్టాల్సి వచ్చినప్పుడల్లా జక్కయ్య గుంట వెనకాల గొంతుక్కూర్చుని, వేలి కణుపులతో నేల మీద తట్టేవాడు. ఆ చప్పుడును పట్టుకుని బాబ్జాన్ బంతిని దొర్లించేవాడు. రెండో బ్రౌను మీద జక్కయ్య పట్టా లాగి, హడావుడిగా దారికి అడ్డంగా కాలెత్తబోయాడు.

"జక్కయ్యగారూ, చుట్టూ తిరిగి రండి" అన్నాడు వెంకటకృష్ణారావు. "కాలు పడితే మళ్ళీ లాగనియ్యను, ముందే చెబుతున్నా."

జక్కయ్య ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని, అంచు వెంబడి తిరిగి వెళ్ళాడు. మొదటి మూడు గుంటలూ సమానంగా పోయాయి, నాలుగోది అనుకున్నట్టే రాళ్ళ పాలైంది. అయిదో గుంటకు అతను కొట్టిన దెబ్బ చూసి ఇశ్రాయేలు కూడా ఈల వేశాడు. ఆ గుంట వీళ్ళదైంది. పందెం సమానమైంది.

ఆరో గుంట దగ్గర అసలు నరకం మొదలైంది. కొండ నెత్తిన నిలబడితే బ్యారేజీ, దాని వెనక నీళ్ళు, అవతల ఊరు, ఇవతల కాలవల వెంట పచ్చగా పొలాలు అన్నీ కనపడతాయి. జక్కయ్య వాటిలో దేన్నీ చూడలేదు. చొక్కా రెపరెపలాడుతుంటే ఎప్పుడు ఆగుతుందా అని దాన్నే చూస్తున్నాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. బాబ్జాన్ బంతి దగ్గర కర్ర ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. గాలి పడింది అనుకునేలోపు మళ్ళీ లేచింది. కొట్టు భాయ్, ఎంతసేపని, అని జక్కయ్య నోటిదాకా వచ్చింది. మింగాడు. ఒళ్ళంతా చెమట. గాలి చివరికి ఎప్పుడు పడిందో అతనికి తెలియలేదు, బాబ్జాన్ కర్ర చప్పుడు మాత్రం వినపడింది. ఆ గుంట సమానంగా పోయింది.

ఏడో గుంటకు ముందు కొట్టాల్సింది జక్కయ్య. అంచుకు వచ్చి నిలబడ్డాడు. అరికాళ్ళు దురద మొదలుపెట్టాయి. లోయ ఇవాళ దగ్గరగా కనిపించింది, ప్రతి ఏడూ అంతే.

"ఏం బావా, పిలుస్తోందా?" అన్నాడు ఇశ్రాయేలు వెనక నుంచి. బావ కొడతాడనీ, లోయలో పడతాడనీ అతనికి పూర్తి నమ్మకం. ఆ నమ్మకం మీదే అతని పందెమంతా నడుస్తోంది.

జక్కయ్య దవడ బిగించాడు. వెనక రాయి లోడు ఉంది, ముందు మలుపు ఉంది, రెండో గేరు. కర్ర నిదానంగా పైకెత్తి కుడివైపు కొట్టాడు. బంతి రెండు గెంతులు గెంతి గొర్రెలదొడ్డి గోడ పక్కన ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే బాబ్జాన్ ముఖం ఎటో చూస్తోంది.

"ఎటు కొట్టావు?"

"దొడ్డి దగ్గరికి."

బాబ్జాన్ కాసేపు నమ్మలేదు. తరవాత తల ఊపాడు. ఇశ్రాయేలుకు మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. బావ చెయ్యాల్సిన తప్పు చెయ్యకపోయేసరికి అది తన మీదికే వచ్చి పడినట్టుంది, ఉడుకుబోతుతనంతో లోయ మీదుగా కొట్టాడు. బంతి ముళ్ళకంపల్లో పడ్డ చప్పుడు నలుగురికీ వినపడింది. ఏడో గుంట మూడేళ్ళ తరవాత జక్కయ్యదైంది.

అక్కణ్ణుంచి అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. లోడు దిగిపోయింది. ఎనిమిదో గుంట సమానంగా పోతుంటే ఈలపాట పాడాడు. బాబ్జాన్ చెయ్యి పట్టుకుని రాళ్ళ మీద నడిపిస్తూ, పలక మీద ఏ మూల రాయించాలో, అక్షరాలు ఎంత లావుండాలో చెబుతూనే ఉన్నాడు. "లావుగా రాయిద్దాం భాయ్, నువ్వు గుమ్మంలోంచే చదవాలి." బాబ్జాన్ నవ్వి, "ఇంకోటి ఉందిరా" అన్నాడు.

తొమ్మిదోది షెడ్డు వైపు దిగే గుంట. దాన్ని సమానం చేసుకుంటే చాలు, పందెం వీళ్ళదే. ఎదురు జోడీ నాలుగు దెబ్బల్లో ముగించింది. వీళ్ళ బంతి మూడు దెబ్బల్లో బ్రౌను మీదికి చేరింది, గుంటకు రెండు బారల దూరంలో ఆగింది. నాలుగో దెబ్బ బాబ్జాన్‌ది. పడితే పేరు పలకెక్కుతుంది. పడకపోతే పందెం సమానం, పలక పాతవాళ్ళది.

జక్కయ్య చెప్పులు విసిరేసి బ్రౌను ఎక్కాడు. పట్టా అందుకుని లాగాడు. అంత తిన్నగా అతను జీవితంలో ఎప్పుడూ లాగలేదు. గుంటదాకా నున్నగా దారి పడింది. పట్టా అవతల పారేసి, బాబ్జాన్‌ను బంతి దగ్గర నిలబెట్టి, గుంట వెనక్కి పరిగెత్తాడు. గొంతుక్కూర్చుని నేల మీద తట్టాడు.

"ఇక్కడ, భాయ్."

అప్పుడు చూశాడు. తను లాగిన దారి మధ్యలో తన కాలి గుర్తు. చుట్టూ తిరగాల్సినవాడు అడ్డంగా వచ్చేశాడు. వేళ్ళు లీలగా, మడమ లోతుగా, బంతి రావాల్సిన చోట సరిగ్గా అక్కడే.

బాబ్జాన్ కర్ర అప్పటికే వెనక్కి లేచింది. ఆగమని అరవొచ్చు. ఒక్క మాట చాలు, బాబ్జాన్ ఆగుతాడు, గుర్తు పక్కనుంచి కొట్టుకుంటాడు. కానీ కర్ర లేచాక అరిస్తే చెయ్యి అదిరితే? పొద్దున్నుంచీ ఆగు, హడావుడి పడకు, నోరు మూసుకో అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన మనిషి, కదలాల్సిన ఆ ఒక్క క్షణంలో కదల్లేదు.

బంతి తిన్నగా వచ్చింది. మడమ గుర్తులోకి దిగి, అక్కడే కూర్చుండిపోయింది.

"పడిందా?" అన్నాడు బాబ్జాన్.

వెంకటకృష్ణారావు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బాబ్జాన్ మరోసారి అడగలేదు. కర్ర కింద పెట్టి, పాదంతో నేల తడుముకుంటూ ముందుకు వచ్చాడు. వంగి, చేత్తో వెతికి బంతిని పట్టుకున్నాడు. తరవాత అతని వేళ్ళు బంతి కింద ఇసుకలోకి దిగాయి. నిప్పురవ్వలకు కాలి మొద్దుబారిన ఆ వేళ్ళు ఆ గుంతంతా నెమ్మదిగా తిరిగాయి.

"నీ కాలే" అన్నాడు.

"నాదే భాయ్."

ఇశ్రాయేలు ముందుకొచ్చాడు. "బావా, పట్టా మళ్ళీ లాగు. ఇంకోసారి కొడతాడు. మేం చూళ్ళేదనుకుంటాం. ఏం రావుగారూ?" చిన్న తప్పు కూడా వదలని వెంకటకృష్ణారావు అద్దాలు పెట్టుకోకుండానే తల ఊపాడు.

"వద్దయ్యా" అన్నాడు బాబ్జాన్. "ఇసుకా మనదే, కాలూ మనదే. అట్టా రాయించుకున్న పేరు నేను చదవలేను." మళ్ళీ ఆ గుర్తును తడిమాడు. "మడమ బాగా దిగింది. పరిగెత్తితే ఇంత దిగదే. ఇక్కడ ఆగావా?"

"ఆగాను."

"ఎందుకు?"

"నువ్వు సరిగ్గా నిలబడ్డావో లేదోనని వెనక్కి చూశా."

బాబ్జాన్ బంతిని మళ్ళీ ఆ గుంతలోనే పెట్టి, జక్కయ్య భుజం ఆసరా చేసుకుని లేచాడు. "ఆరేళ్ళ నుంచి ఆగు ఆగు అని చెబుతూనే ఉన్నా. నాకోసమన్నా ఆగావు" అన్నాడు.

బంతిని గుంటలో వెయ్యాల్సిన వంతు జక్కయ్యది. వేశాడు. అయిదు. పందెం సమానం. ఇశ్రాయేలు బావ వంక చూడలేక, వెంకటకృష్ణారావును తీసుకుని కొండ దిగిపోయాడు.

ఆఖరున మిగిలినవాళ్ళు బ్రౌనంతా సాపు చేసి వెళ్ళాలి. బాబ్జాన్ షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు. జక్కయ్య గోనెపట్టా పట్టుకుని గుంట చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. తన కాలి గుర్తు చెరిగిపోయింది. ఇసుక నున్నబడింది. అయినా ఆగలేదు, తిరుగుతూనే ఉన్నాడు. ఏడుస్తున్నాడు. గోనె ఇసుక మీద రాసుకుంటున్న చప్పుడును బాబ్జాన్ చెవులతో వెంబడిస్తూ ఉన్నాడు.

"ఇక చాల్లేరా" అన్నాడు చివరికి. "ఖాసింబీ ఫ్లాస్కులో టీ పంపింది. గెలిచినా ఓడినా తాగి రమ్మంది."

జక్కయ్య పట్టా వదిలి వచ్చి మెట్టు మీద అతని పక్కన కూర్చున్నాడు. బాబ్జాన్ మూత తీసి, తడుముకుంటూ రెండు గ్లాసుల్లో పోశాడు. ఒకటి జక్కయ్య చేతికిచ్చాడు. జక్కయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. టీ చల్లారిపోయింది, అతను లేవలేదు.